నర్సింగ్ వదిలేసి జిమ్‌లో చేరా, అసలేమైందో మొత్తం రాస్తున్నా (నా అనుభవం)

ఈ మూడు నెలల్లో నా జూనియర్లు నలుగురు ఫోన్ చేశారు. నలుగురిదీ ఒకటే ప్రశ్న, అక్కా నర్సింగ్ వదిలేసి జిమ్‌లో ట్రైనర్‌గా చేరావంట కదా, ఎంత వస్తుంది, నేనూ వచ్చేయనా అని. ఒక్కొక్కరికి గంట గంట చెప్పి గొంతు పోయింది, అందుకే మొదటి నుంచి తారీఖులతో సహా రాసి పెడుతున్నా. ఎక్కువ తక్కువలుంటే ఏమనుకోకండి, రెండు బ్యాచ్‌ల మధ్య గ్యాప్‌లో కూర్చుని టైప్ చేస్తున్నా.

మాది ఖమ్మం దగ్గర పల్లె, నాన్న మిర్చి వేస్తాడు. బీఎస్సీ నర్సింగ్ 2023లో అయిపోయింది, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికి రాగానే డిసెంబర్ 6న హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేరా, మెడికల్ ఐసీయూ. చేతికి 17,500, ఉండటానికి వాళ్ళ హాస్టలే. రెండేళ్ళ బాండ్, అంటే మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు అన్నీ వాళ్ళ దగ్గరే. హెచ్‌ఆర్‌లో ఒకమ్మాయి పేజీలు తిప్పుతూ ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తుంటే పెట్టేశా సంతకాలు, ఒక్క ముక్క చదవలేదు. బాండ్ పద్ధతి వద్దని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సర్క్యులర్లు ఇచ్చిందని నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది, తెలిసి మాత్రం ఏం చేస్తాం, కాగితాలు వాళ్ళ బీరువాలో ఉన్నాయి కదా.

అసలు జిమ్ గడప ఎక్కడమే నడుం నొప్పి వల్ల. 2024 మే నెల, తారీఖు గుర్తులేదు గానీ టైం మాత్రం గుర్తుంది, రాత్రి మూడు దాటి పది నిమిషాలు. 96 కిలోల పేషెంట్, వెంటిలేటర్ మీద ఉన్నాడు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే బెడ్‌సోర్స్ వచ్చేస్తాయి. మామూలుగా నలుగురం కావాలి. ఆ రాత్రి సిస్టర్లం ముగ్గురమే, ఒకామె కొత్త అడ్మిషన్‌తో, ఇంకొకామె సక్షన్ (ట్యూబ్‌లోంచి కఫం లాగడం) చేస్తూ ఉంది. నేను, వార్డ్ బాయ్ ఇద్దరమే డ్రా షీట్, అంటే పేషెంట్ కింద వేసే దుప్పటి పట్టుకుని ఒకటి రెండు మూడు అని లాగాం. నడుంలో ఏదో పట్టుకుంది, ఎంతలా అంటే షీటు వదలకూడదు కాబట్టి వదల్లేదు గానీ కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి, ట్యూబ్ ఊడిపోతుందేమోనన్న భయం ఒకవైపు. అలాగే పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ చేశా, హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు నిలబడలేక ఫైల్ ట్రాలీ మీద మోచేతులు ఆనించి చెప్పా.

ఆర్థో సార్ ఎక్స్‌రే చూసి ఏం లేదమ్మా, కండరం పట్టేసింది, నీ వయసుకి నడుంలో బలమే లేదు అన్నారు. ఐదు రోజులు లీవు పెడితే మూడే ఇచ్చారు. జూన్‌లో హాస్టల్ వెనక సందులో ఉన్న జిమ్‌లో లేడీస్ బ్యాచ్‌లో చేరా, పొద్దున 11 గంటలకి, మూడు నెలలకి 4,500. నైట్ దిగొచ్చి టిఫిన్ తిని రెండు గంటలు పడుకుని వెళ్ళేదాన్ని.

అక్కడ ట్రైనర్ అక్క మొదటి వారం బరువే ఎత్తనివ్వలేదు, వీపు మీద చీపురు కర్ర ఆనించి నడుం వంచకుండా తుంటి దగ్గర మడవడం నేర్పింది. తల వెనక, రెండు భుజాల మధ్య, తోక ఎముక దగ్గర, మూడు చోట్లా కర్ర తగులుతూనే ఉండాలి. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఫస్టియర్‌లో బాడీ మెకానిక్స్ అని ఒక చాప్టర్ ఉంటుంది, ఐదు మార్కుల ప్రశ్న, బొమ్మ వేస్తే ఇంకో అర మార్కు. ఆ ఐదూ నాకు వచ్చాయి. నడుం మాత్రం ఎప్పుడూ అలా వంచలేదు, వార్డులో ఎవరూ వంచి చూపించలేదు కూడా. అక్టోబర్‌కి 50 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తున్నా, అంటే నేల మీది బరువుని నిలబడేదాకా ఎత్తడం. పేషెంట్‌ని తిప్పడం తేలికైందని కాదు, తిప్పిన తర్వాత నడుం గుర్తుకు రావడం మానేసింది.

ఇంట్లో అప్పటికి గవర్నమెంట్ నోటిఫికేషన్ మీద ఆశ. 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు పడ్డాయి, నవంబర్ 23, 2024న రాశా. పరీక్షకి 80 మార్కులు, మిగతా 20 గవర్నమెంట్‌లో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ చేసినవాళ్ళకి సర్వీసుని బట్టి. ప్రైవేట్‌లో ఎంత చాకిరీ చేసినా అందులో సున్నా. రాలేదు. ఏడవలేదు గానీ ఆ నెల అంతా అన్నం సరిగ్గా దిగలేదు.

జనవరి 2025. ఒక వారంలో నా షిఫ్టుల్లోనే నలుగురు పోయారు. నాలుగో అతనికి సీపీఆర్ ముప్పావు గంట చేశాం, మారి మారి. పొద్దున దిగి పడుకోబుద్ధి కాక జిమ్‌కి వెళ్ళా. జంపింగ్ జాక్స్ యాభై చెయ్యమంది అక్క. నేను లెక్కపెడుతూ ముప్పై దగ్గర ఆగిపోయా. ఇంకో ఇరవై ఉన్నాయి అంది. మళ్ళీ మొదలుపెట్టా, మళ్ళీ ముప్పై దగ్గర ఆగా. సీపీఆర్‌లో ముప్పైసార్లు ఛాతీ నొక్కడం, రెండుసార్లు ఊపిరి ఇవ్వడం, చేతులకి అది అలవాటైపోయింది. ఆ రోజు అక్కడే మ్యాట్ మీద కూర్చుండిపోయా, అక్క ఏమీ అడగలేదు, ఫ్యాన్ నా వైపు తిప్పి వెళ్ళిపోయింది. ఇంత ఎనర్జీ పెట్టి మనుషుల్ని చివరి దశలో చూసే బదులు నాలుగేళ్ళు ముందే చూస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన ఆ మ్యాట్ మీదే మొదలైంది, గొప్పగా ఏం రాలేదు, కోపంగా వచ్చింది.

ఫిబ్రవరి అంతా ఎంక్వయిరీలు. అమీర్‌పేట్ వైపు ఒక ఇన్‌స్టిట్యూట్ 65 వేలు, మూడు నెలలు, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అంది. ప్లేస్‌మెంట్ అంటే ఏ జిమ్, జీతమెంత అని అడిగితే డెమో క్లాస్‌కి రండి మేడమ్ అంటారు తప్ప చెప్పరు. పైగా క్లాసులు రోజూ పొద్దున పదికి, నాకు వారానికో షిఫ్టు. ముంబైలో కే11 అనే ట్రైనర్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్ గురించి అక్క చెప్పింది గానీ నా షిఫ్టులకి కుదరదు. చివరికి ఇంట్లో కూర్చుని చదివి రాసే ఏస్ పర్సనల్ ట్రైనర్ పరీక్షకి ఫిక్స్ అయ్యా, అంటే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వాళ్ళది. 18 ఏళ్ళు నిండాలి, ఫొటో ఐడీ ఉండాలి, సీపీఆర్, ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే మెషీన్) సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉండాలి, అంతే. ఇక్కడ మనకి ఒక లాభం, హాస్పిటల్లో చేరినప్పుడు చేయించిన బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, సీపీఆర్ ట్రైనింగ్) కార్డు రెండేళ్ళు చెల్లుతుంది, నాది అప్పటికి జనవరి 2026 దాకా ఉంది, మిగతావాళ్ళు దానికి వేరే డబ్బులు కట్టుకుంటున్నారు. పుస్తకాలు, పరీక్ష కలిపి ఆఫర్‌లో నాకు పడింది 41 వేలు. దాచుకున్నది 26 వేలే, మిగతాది మా రూమ్మేట్ ఇచ్చింది, నెలకి 3 వేల చొప్పున తీర్చా. ఇంట్లో చెప్పలేదు. ఖమ్మం మార్కెట్లో మిర్చి రేటు పడిపోయి నాన్న బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టైం అది, ఎలా చెప్తాం.

చదువు తేలిక అనుకున్నా. అనాటమీ, ఫిజియాలజీ మనకి వచ్చినవే, కండరాల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. మొదటి మాక్ టెస్ట్‌లో 58 శాతం వచ్చింది. పోయిందంతా మనిషితో ఎలా మాట్లాడాలి అన్న భాగంలోనే. క్లయింట్ రెండు వారాలు రాలేదు, తిరిగొచ్చాడు, నువ్వేమంటావు అని నాలుగు ఆప్షన్లు ఇస్తాడు. నేను ప్రతిసారీ రెగ్యులర్‌గా రావడం ఎంత ముఖ్యమో వివరిస్తాను అన్నది టిక్ పెట్టేదాన్ని. అది తప్పు. ఏమైంది, ఏది కష్టమైంది అని ముందు అడగాలట. మనం నర్సులం కదా, అమ్మా ట్యాబ్లెట్ వేస్కో, అటు తిరుగు, మూత్రం పోశావా, మోషన్ అయ్యిందా, అన్నీ ఆర్డర్లే. పేషెంట్ ఎక్కడికీ వెళ్ళలేడు కాబట్టి మన మాట నడుస్తుంది. జిమ్‌కి వచ్చేవాడు రేపటి నుంచి రాకపోతే మనం చేసేది ఏమీ లేదు, ఇది తలకెక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఏప్రిల్, మే నెలల్లో వీక్లీ ఆఫ్ రోజుల్లో అక్క వాళ్ళ జిమ్‌లోనే ఫ్రీగా నిలబడతానని ఓనర్‌ని అడిగా. సరే అన్నాడు, ఎందుకనడు, జీతం లేని మనిషి. మొత్తం తొమ్మిది రోజులు చేశా. వాటిలో సగం టైం ప్లేట్లు తీసి ర్యాక్‌లో పెట్టడమే. ఇది మాత్రం చేరబోయే ముందు అందరూ చెయ్యండి, రూపాయి ఖర్చు లేదు. నాకు అప్పుడే తెలిసింది, ట్రైనర్ పని పొద్దున 5:30 నుంచి 10, మళ్ళీ సాయంత్రం 4:30 నుంచి 9:30, మధ్యలో ఆరున్నర గంటలు ఎటూ కాని ఖాళీ. నైట్ డ్యూటీలు తప్పించుకుందామనుకుంటే తెల్లవారుజాము 4:30 అలారం తగిలింది. ఆ టైంకి మెట్రో ఉండదు. ఆధార్ చూపించి జీరో టికెట్‌తో తిరగడం అలవాటైన దాన్ని, ఆ గంటకి బస్సులూ దొరకవు, ఆటో వాడు 120 అంటాడు. అందుకే జిమ్‌కి నడిచెళ్ళే దూరంలో ఉంటే తప్ప ఈ ఉద్యోగం కుదరదు.

పరీక్ష జూన్ 29, ఆదివారం, హాస్టల్ రూమ్ నుంచే ల్యాప్‌టాప్‌లో. ఐడీ మీద పేరు, రిజిస్ట్రేషన్‌లో పేరు ఒకేలా ఉండాలి. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం. పాస్‌పోర్ట్‌లో మాత్రం పూర్తిగా ఉంది. ఆ పాస్‌పోర్ట్ మా మేనమామ తీయించాడు, నేను ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) రాసి లండన్ వెళ్తానని. దాన్ని కెమెరాకి చూపిస్తుంటే మామ గుర్తొచ్చి నవ్వాగలేదు, అటువైపు మనిషి ప్లీజ్ లుక్ స్ట్రెయిట్ అన్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ ఎత్తి గది మొత్తం తిప్పి చూపించమన్నాడు, మంచం కింద కూడా. గోడ మీద నేను అంటించుకున్న కండరాల చార్ట్ కనపడింది, తీసెయ్యమన్నాడు. నాలుగు నెలలు ఉన్న చార్ట్, సెల్లోటేప్‌తో పాటు సున్నం కూడా ఊడొచ్చింది. 150 ప్రశ్నలు, మూడు గంటలు. 800కి 500 వస్తే పాస్, నాకు 561. రిజల్ట్ వెంటనే స్క్రీన్ మీద వచ్చేసింది, చెప్పడానికి ఎవరూ లేరు, రూమ్మేట్స్ ముగ్గుర్నీ పరీక్ష కోసం బయటికి పంపేశా కదా. సున్నం తుడుచుకుంటూ కూర్చున్నా.

మర్నాడే ఊరెళ్ళా చెప్పడానికి. అమ్మ వంటింట్లోంచి బయటికి కూడా రాలేదు, అక్కడి నుంచే అంటోంది, నాలుగేళ్ళు నర్సింగ్ చదివించింది జిమ్ముల్లో మగాళ్ళ మధ్య ఇనుము మొయ్యడానికా, రేపు సంబంధాల వాళ్ళకి పిల్ల ఏం చేస్తుందంటే ఏం చెప్పుకోవాలే అని. నాన్న ఒకటే అడిగాడు, నడుం నొప్పి తగ్గిందా. తగ్గింది నాన్నా అన్నా. ఇంకేం మాట్లాడలేదు. రాత్రి బస్‌కి వచ్చేశా.

జూలై 1న రిజైన్ పెట్టా. రెండు నెలల నోటీస్. మా ఐసీయూ ఇన్‌చార్జ్ మేడమ్ పక్కకి పిలిచి, బాండ్‌కి మూడు నెలలే కదా తక్కువ, డిసెంబర్ దాకా ఆగు పిచ్చిదానా అంది. ఆగాల్సింది. నిజం చెప్తున్నా, ఆగాల్సింది. కానీ ఒక జిమ్ వాళ్ళు సెప్టెంబర్‌లో చేరితేనే అన్నారు, నాకూ ఆ హాస్పిటల్ బిల్డింగ్ లిఫ్ట్ ఎక్కుతుంటేనే కడుపులో తిప్పేది. ఆగస్టు జీతం 19,400 ఆపేశారు, పైన 15 వేలు కట్టించుకున్నారు, అంటే నా తొందరకి ఖరీదు 34,400. బాండ్ కాగితంలో మూడు నెలల జీతం అని ఉంది, బతిమాలితే ఇక్కడికి దిగింది. కాబట్టి అడగండి, సిగ్గుపడకండి.

క్లియరెన్స్ ఫారం గురించి కూడా చెప్పాలి. పదకొండు సంతకాలు. ఫార్మసీ, స్టోర్స్, లినెన్, లైబ్రరీ (నేను లైబ్రరీ ఎక్కడుందో కూడా చూడలేదు), హాస్టల్ వార్డెన్, ఐటీ, ఇంకా ఏవో. స్టోర్స్ సార్ లీవులో ఉంటే ఆ ఒక్క సంతకానికి ఆరు రోజులు. ఆగస్టు 31న రిలీవ్ అయ్యా, ఒరిజినల్స్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేతికొచ్చింది అక్టోబర్ 17న. 47 రోజులు. ఈలోపు ఎనిమిదిసార్లు వెళ్ళా, రిసెప్షన్‌లో కొత్తమ్మాయి నన్ను పేషెంట్ అటెండర్ అనుకుని టోకెన్ తీసుకోమంది ఒకసారి.

మూడు జిమ్‌లకి ఇంటర్వ్యూకి వెళ్ళా. మొదటి చోట డెడ్‌లిఫ్ట్ నేర్పించి చూపించమన్నారు, నేను గ్లూటియస్ మాక్సిమస్, ఎరెక్టర్ స్పైనే అని మొదలుపెట్టా, ఎదురుగా ఉన్న కుర్రాడు తెల్లమొహం వేశాడు. ఉద్యోగం రాలేదు. రెండో చోట సర్టిఫికెట్ చూడనే లేదు, నెలకి ఎన్ని పీటీలు అమ్మగలవు అన్నారు. పీటీ అంటే పర్సనల్ ట్రైనింగ్. మూడో చోట కూడా అదే అడిగారు గానీ ఆ మేనేజర్ నర్సునని విని మా లేడీ మెంబర్లకి పనికొస్తావ్ అని తీసుకున్నాడు. ఫిక్స్‌డ్ 14 వేలు, పీటీ డబ్బులో నాకు 40 శాతం. సెప్టెంబర్ 8న చేరా, దగ్గర్లోనే పీజీలో 7,500కి షేరింగ్ రూమ్.

మొదటి నెల ఒక్క పీటీ కూడా రాలేదు, దానికి కారణం నేనే. బీపీ 140 దాటిన ప్రతి ఒక్కర్నీ డాక్టర్ లెటర్ తెచ్చుకోండి అని పంపించేదాన్ని. ఐసీయూ కళ్ళతో చూస్తే ప్రతి మనిషీ రేపు అడ్మిట్ అయ్యేవాడిలాగే కనపడతాడు మరి. మేనేజర్ పిలిచి, సిస్టర్, ఇది ఎమర్జెన్సీ వార్డ్ కాదు అన్నాడు, కోపం వచ్చింది గానీ పుస్తకం తీసి చూస్తే ఆయన మాటలో నిజముంది. గుండె జబ్బు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఛాతీ నొప్పి, ఆయాసం లాంటివి ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి, మిగతావాళ్ళు మెల్లగా నడక నుంచి మొదలుపెట్టొచ్చు. నేను అందర్నీ ఒకే గాటన కట్టేశా.

కానీ రెండో వైపూ ఉంది. నవంబర్‌లో ఒక సీనియర్ ట్రైనర్ పెళ్ళికి ఊరెళ్తే ఆయన క్లయింట్‌ని నాకు అప్పగించారు, 58 ఏళ్ళు, బ్యాంకులో చేసి వీఆర్‌ఎస్ తీసుకున్న సార్. ఆయన డైరీలో టార్గెట్ హార్ట్ రేట్ 130 అని రాసుంది. 220లోంచి వయసు తీసేసి అందులో 80 శాతం, అందరూ వేసే లెక్కే. సార్ ట్రెడ్‌మిల్ మీద ఉన్నారు, వాచీలో 98 దాటట్లేదు, ఇంకా జోన్‌లోకి రాలేదమ్మా అని తనే స్పీడ్ పెంచుకుంటున్నారు. నేను వాచీ చూడలేదు, మొహం చూశా. పెదాల చుట్టూ తెల్లగా అయింది, చెమట నుదురు మీద కాదు, మెడ మీదుగా కారుతోంది. సార్ మీది ఏ ఊరు అని అడిగా. తె... నా... లి అన్నారు, ఒక్కో అక్షరానికి ఒక్కో శ్వాస. మనిషి మాట్లాడలేకపోతున్నాడంటే జోన్ ఎప్పుడో దాటేశాడని అర్థం. ఒక్కసారిగా ఆపకుండా స్పీడ్ తగ్గిస్తూ నాలుగు నిమిషాలు నడిపించి దింపి కూర్చోబెట్టా. ట్యాబ్లెట్లు ఏమైనా వాడతారా సార్ అంటే బీపీదే ఒకటమ్మా, చిన్నది అన్నారు. బ్యాగ్ సైడ్ జిప్‌లోంచి స్ట్రిప్ తీసి చూపించారు, మెటోప్రోలాల్. అది గుండె వేగాన్ని పట్టి ఉంచే మందు, ఆయన ట్రెడ్‌మిల్ విరగ్గొట్టినా వాచీలో 130 రావడం కష్టం. అలాంటివాళ్ళకి నంబర్ కాదు, ఎంత కష్టంగా ఉందో వాళ్ళ నోటితోనే చెప్పించే బోర్గ్ స్కేల్ వాడాలి, 6 నుంచి 20 దాకా. ఆయన జాయినింగ్ ఫారం తీసి చూస్తే ఆరోగ్యం గురించిన ప్రశ్నలన్నిటికీ 'లేదు' అని టిక్కులు, అన్నీ ఒకే గీతలో, సేల్స్ అమ్మాయి పెట్టేసింది. కార్డియాలజిస్ట్ దగ్గర రాయించుకు రండి సార్ అని పంపించా. పన్నెండు రోజులు రాలేదు, రిఫండ్ అడిగితే నీ జీతంలో కోస్తా అన్నాడు మేనేజర్. చీటీతో వచ్చారు, మూడు నెలలు రెన్యూ కూడా చేశారు, కాకపోతే ఆ కమిషన్ సీనియర్ ట్రైనర్‌కి వెళ్ళింది, క్లయింట్ ఆయనదట.

నాకు పీటీలు వచ్చింది మాత్రం ఆడవాళ్ళ వల్లే. డెలివరీ అయి ఏడెనిమిది నెలలైన ఒకామె, స్కిప్పింగ్ వద్దు అంటోంది, ఎందుకంటే చెప్పదు. లాకర్ రూమ్‌లో మెల్లగా, సిస్టర్, ఎగిరితే యూరిన్ పడుతోంది అంది. మూడు నెలల నుంచి అదే జిమ్‌కి వస్తోంది, ఒక్కరికీ చెప్పలేదు, మగ ట్రైనర్‌కి ఎలా చెప్తుంది. గైనిక్ మేడమ్‌కి చూపించుకోమని చెప్పి, వాళ్ళు పంపిన ఫిజియో చెప్పినవి అయ్యాకే నేను బరువులు మొదలుపెట్టా. ఆమె ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చింది. ఇప్పుడు ఫ్లోర్‌లో అందరూ నన్ను సిస్టర్ అనే పిలుస్తారు, మేనేజర్ వెటకారంగా మొదలుపెట్టిన పేరు అది.

గొడవ పడింది పౌడర్ల దగ్గర. ఒక బీపీ పేషెంట్‌కి ప్రీ వర్కవుట్ (ఎక్సర్‌సైజ్‌కి ముందు తాగే పౌడర్) డబ్బా అమ్మమన్నారు, అందులో ఉన్న కెఫీన్ ఎంతో లేబుల్ మీద చూపించి నేను అమ్మను అన్నా. వేరేవాళ్ళు అమ్మారు. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు, ఆ సార్‌కి విడిగా చెప్పా అంతే.

ఇక డబ్బులు. సెప్టెంబర్‌లో 10,700, నెల పూర్తి కాలేదు కాబట్టి. అక్టోబర్‌లో ఒక్క పీటీతో 16,400. నవంబర్‌లో 23,600, డిసెంబర్‌లో ఐదుగురితో 26 వేలు. జనవరిలో కొత్త సంవత్సరం జనం పోటెత్తారు గానీ నా ఐదుగురిలో ఇద్దరు సంక్రాంతికి ఊరెళ్ళి నెలాఖరుకి గానీ రాలేదు, 21 దాటలేదు. చూడ్డానికి హాస్పిటల్ కంటే ఎక్కువే, కానీ అక్కడ హాస్టల్, ఒక పూట భోజనం ఉండేవి. ఇంకోటి, ఈఎస్‌ఐ. జీతం 21 వేల లోపు కాబట్టి హాస్పిటల్లో ఉండేది, ఇక్కడ ఈఎస్‌ఐ లేదు, పీఎఫ్ లేదు. డిసెంబర్‌లో నాకు వైరల్ ఫీవర్ వచ్చి నాలుగు రోజులు రాలేదు, జీతం కట్, మందులు చేతి డబ్బులు. పేషెంట్లకి ఇన్సూరెన్స్ ఫారాలు నింపి నింపి వచ్చిన నాకు నా సొంత ఇన్సూరెన్స్ గుర్తు రాలేదు చూడండి. ఈ నెలే తీసుకున్నా, ఏడాదికి 6,800.

ఒళ్ళు బాగుందా అంటే బాగుంది. నెలసరి టైంకి వస్తోంది, నైట్లలో ఏడాదిపాటు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అలారం శబ్దానికి ఉలిక్కిపడటం తగ్గింది, అయితే ట్రెడ్‌మిల్ ఎర్రర్ బీప్ ఐసీయూలో మందు ఎక్కించే మా ఇన్‌ఫ్యూజన్ పంప్ బీప్‌లాగే ఉంటుంది, ఇప్పటికీ చెయ్యి దానంతట అది పైకి వెళ్తుంది. మిస్ అవుతున్నానా అంటే, వెంటిలేటర్ తీసిన పేషెంట్ మొదటిసారి మాట్లాడతాడు చూడండి, గొంతు బొంగురుగా, నీళ్ళు అని. అది మిస్ అవుతున్నా. మిగతాది ఏదీ కాదు.

బీఎల్‌ఎస్ కార్డు గడువు అయిపోతే ఈసారి సొంత డబ్బులతో రెన్యూ చేయించా. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా వదలను, మామ ఇంకా లండన్ మాట ఎత్తుతూనే ఉన్నాడు, నేను ఊ అనను, ఊహూ అనను. ఫోన్ చేసిన జూనియర్లకి చెప్పింది ఒకటే, బాండ్ అయ్యేదాకా ఆగండి, ఆఫ్ రోజుల్లో వెళ్ళి ప్లేట్లు సర్ది చూడండి. ఒకమ్మాయి వచ్చి మూడు రోజులు చేసి మళ్ళీ కనపడలేదు, ఇప్పుడు డయాలసిస్‌లో చేరిందట, అక్కడ రాత్రి డ్యూటీ లేదంట.

పీఎఫ్ మాత్రం ఇంకా తేలలేదు. 21 నెలలు కట్ అయిన డబ్బు, క్లెయిమ్ పెడితే రెండుసార్లు రిజెక్ట్ అయింది, హాస్పిటల్ వాళ్ళు నా ఎగ్జిట్ డేట్ (ఉద్యోగం వదిలిన తారీఖు) అప్‌డేట్ చెయ్యలేదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడితే సంబంధిత వ్యక్తి లీవులో ఉన్నారని ఆటోమేటిక్ రిప్లై. సోమవారం మధ్యాహ్నం గ్యాప్‌లో నేనే వెళ్తున్నా, తొమ్మిదోసారి. ఈసారి టోకెన్ తీసుకోమన్నా తీసుకుని కూర్చుంటా.